తప్పులు చేయడానికి గ్రాంటు

ఆర్థిక శాఖలో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎదురుగా ఉంటే "సార్", అటు తిరిగితే "కత్తెర". ప్రభుత్వం డబ్బిచ్చే సంస్థలకు వెళ్ళి, ఆ డబ్బు సరైన దారిన పోతోందో లేదో చూసి, అక్కర్లేని చోట ఆపించడం ఆయన ఉద్యోగం. తన వెనక ఏమంటారో ఆయనకు తెలుసు. కోపం వస్తే భార్య కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది. "తోటమాలి చేతిలో ఉండేదీ కత్తెరేనే" అని నవ్వేసి ఊరుకుంటాడు.

అలాగని రాతిగుండె మనిషేం కాదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, ఒకే మాట అడుగుతాడు. "స్వామీ, నా చేతి మీదుగా ఒకరి నోటి దగ్గర కూడు పోనీయకు. అలాగని పదిమంది సొమ్ము ఒకరి సరదాకి పోతుంటే చూస్తూ కూర్చోనీయకు." ఈ రెండూ ఒకే రోజు ఎదురుపడితే ఏం చేయాలో మాత్రం దేవుడు ఇంతవరకూ చెప్పలేదు.

ఆ వారం సరిగ్గా అదే వచ్చిపడింది. కార్యదర్శి పిలిచి, "విదేశీ సాంస్కృతిక సంబంధాల కేంద్రం అని ఒకటుంది, విన్నారా? మన సంస్కృతి గొప్పతనాన్ని బయటి దేశాలకు చాటమని ఏటా గ్రాంటు ఇస్తున్నాం. వాళ్ళేం చాటుతున్నారో, ఎవరికి చాటుతున్నారో ఆ దేవుడికే ఎరుక. మీరు వెళ్ళి చూసి రండి. ఉంచాలంటే ఉంచుదాం. లేదంటే ఎత్తేసి, ఆ డబ్బు పెద్దాసుపత్రికి ఇచ్చేద్దాం. అక్కడ మందులకే దిక్కు లేదు" అన్నాడు.

ఆసుపత్రి మాట వినగానే కత్తెరగారి మనసు సగం తేల్చేసుకుంది. గొప్పలా, మందులా అంటే ఏ తండ్రైనా మందులే అంటాడు.

కేంద్రం అంటే పెద్ద భవనం అనుకున్నాడు. తీరా చూస్తే పోస్టాఫీసు పైన రెండు గదులు. మెట్లు ఎక్కుతుంటే చెక్క కిర్రుమంటోంది. లోపల రకరకాల కుర్చీలు, గోడవారగా ఒక పాత పియానో, కిటికీ దగ్గర టీ కెటిలు. గది నడుమ పదిమంది దాకా నిలబడి ఏదో అర్థంకాని భాషలో పాడుతున్నారు. ఒకావిడ నర్సు దుస్తుల్లోనే ఉంది, డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది. ఒకాయన బస్సు డ్రైవరు, ఖాకీ చొక్కా గుండీలు విప్పుకొని, పాడుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఈయన బస్సు తోలేటప్పుడు కూడా ఇంతేనా అని కత్తెరగారికి భయం వేసింది.

వాళ్ళ ముందు నిలబడి చెయ్యి ఊపుతున్నావిడ ఈ కేంద్రానికి అధికారి. ఒకప్పుడు బళ్ళో సంగీతం చెప్పిందట. అందరూ ఆవిడను మేనత్త అంటారు. చెవి మెలిపెట్టేదీ ఆవిడే, గొడవొస్తే వెనకేసుకొచ్చేదీ ఆవిడే.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు సరిగ్గా లేదు. ఇందులో కూర్చోండి" అంది మేనత్త.

"వరస కలిపితే కత్తెర మొద్దుబారదమ్మా" అన్నాడాయన. తన మారుపేరు ఈవిడ దాకా వచ్చే ఉంటుందని ఆయనకు తెలుసు.

"మొద్దుబారితే మీకే కష్టం. పదునుగానే ఉంచుకోండి. టీలో చక్కెర వెయ్యనా?"

ఆయన నవ్వు ఆపుకుని పనిలోకి దిగాడు. "వీళ్ళు పాడుతున్నది ఎవరి పాట?"

"వచ్చే శనివారం ఒక బృందం వస్తోంది కదా, వాళ్ళ దేశపు పాట. ఎత్తు మీదికి బండి తోసేటప్పుడు పాడుకుంటారట."

"మన పాటలు ఎప్పుడు పాడతారు?"

"మనవాళ్ళు పాడరు. మన పాట వాళ్ళు పాడతారు. జోలపాట ఒకటి పంపించాం."

కత్తెరగారు టీ కప్పు కింద పెట్టేశాడు. "అంటే, మన గొప్పతనం చాటమని ప్రభుత్వం డబ్బిస్తే, మీరు ఆ డబ్బుతో మనవాళ్ళకు పరాయివాళ్ళ పాట నేర్పుతున్నారా?"

"అవును. వాళ్ళ ప్రభుత్వం డబ్బుతో వాళ్ళు మన పాట నేర్చుకుంటున్నారు. మన గొప్ప మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది అన్నయ్యగారూ? పక్కింటావిడ చెప్పాలి గానీ."

మాట బాగానే ఉంది. కానీ మాట బాగున్నంత మాత్రాన సరిపోతే ఆర్థిక శాఖ ఎందుకు? ఆయన ఇంకా తవ్వాడు. పాట ఎలా పంపుతారు, రికార్డు చేసి పంపుతారా అని అడిగాడు.

"పంపం. అదే మా కట్టుబాటు. మాటలూ, స్వరాలూ కాగితం మీద పంపుతాం, అంతే. అవతలివాళ్ళూ అంతే. రికార్డు పంపితే చిలక పలుకుల్లా పలికేస్తారు. కాగితం పంపితే తప్పులు చేస్తారు. తప్పు చేస్తేనే కదా దిద్దడానికి ఒక మనిషి కావాల్సొచ్చేది."

"తప్పులు చేయడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందన్నమాట!"

"మీరు బాగా చెప్పారు. నాకు ఇన్నేళ్ళుగా ఇంత చక్కగా చెప్పడం రాలేదు" అంది మేనత్త, ఎగతాళి లేకుండా. "ఇంకో మాట. దిద్దేది నేను కాదు. నేను దిద్దితే పాఠం అవుతుంది. సభలో కూర్చున్నవాళ్ళు లేచి దిద్దితే చుట్టరికం అవుతుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు లేస్తారు."

వెళ్తూ వెళ్తూ మెట్ల మీద నర్సమ్మను ఆపి అడిగాడు. "నువ్వు పెద్దాసుపత్రిలోనే కదమ్మా చేసేది? అక్కడ మందులు లేవంటున్నారు. ఇక్కడ పాటకు డబ్బెందుకు, నువ్వే చెప్పు."

నర్సమ్మ చెప్పులు తొడుక్కుంటూ తలెత్తి చూసింది. "మందుల్లేవని నాకంటే ఎవరికి తెలుసు సార్? రోగుల చేత తిట్లు తినేది నేనేగా. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కానీ ఇది మూసేస్తేనే గానీ అవి రావా? ఇంకెక్కడా దొరకదా మీ కత్తెరకి?" అని, నాలిక్కరుచుకుని, గబగబా దిగి వెళ్ళిపోయింది.

ఆయన ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని భార్యకు ఇదంతా చెప్పాడు. ఆవిడ, "ఆవిడెవరో గట్టి మనిషే. శనివారం నేనూ వస్తాను" అంది.

"నువ్వెందుకే, అది సర్కారు పని."

"సర్కారు పాటలు సర్కారోళ్ళే వినాలని రాసుందా? మనవరాల్ని కూడా తీసుకొస్తా. దాని తల్లి ఆ రోజు పనికి పోవాలిగా, ఇంట్లో ఎవరి దగ్గర ఉంచను?"

శనివారం సాయంత్రం పురపాలక సంఘం హాలు నిండిపోయింది. మామూలుగా ముందు వరసల్లో చుట్టుపక్కల వీధులవాళ్ళు కూర్చుంటారట. ఈసారి కేంద్రం తల మీద కత్తి వేలాడుతోందని తెలిసి అధికారులంతా తామే దిగబడ్డారు. ముందు వరస నడుమ కార్యదర్శి, ఆయన పక్కన ఆ దేశపు రాయబారి. రెండు దేశాలకీ రేవు సుంకాల గురించి కొన్ని నెలలుగా పేచీ నడుస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకున్నారు గానీ, ఇద్దరి నవ్వూ పెదవి దాటి పోలేదు. వీధులవాళ్ళు వెనక్కి వెళ్ళి, ఒద్దికగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కత్తెరగారు భార్యతో మధ్య వరసలో కూర్చున్నాడు. మనవరాలు అమ్మమ్మ ఒళ్ళో అప్పటికే నిద్రపోయింది.

ముందు మనవాళ్ళు పాడారు. బండి తోసే పాటట. నర్సమ్మ, డ్రైవరు, తక్కిన అందరూ కళ్ళు మూసుకుని, దేవుడి ముందు నిలబడినట్టు, మెల్లగా, గుండె కరిగేలా పాడారు. ఆ బండి ఏ ఎత్తు మీదికైనా ఎక్కుతుందన్న నమ్మకం మాత్రం ఎవరికీ కలిగి ఉండదు. పాట అయ్యాక రాయబారి నాలుగు వేళ్ళతో చప్పట్లు కొట్టాడు. చూసి కార్యదర్శి కొట్టాడు. చూసి తక్కినవాళ్ళు కొట్టారు. ఎవరూ లేవలేదు.

కత్తెరగారు మేనత్త వైపు చూశాడు. ఆవిడ వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ఒక్క సైగ చేస్తే చాలు, ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు లేచి చెప్తారు. చేయలేదు. తన కేంద్రం బతుకు ఆ హాలులో ఉండీ లేనట్టు ఊగుతుంటే, మాట తప్పకుండా అలా నిలబడడం ఆయనకు మొదటిసారి వింతగా, గొప్పగా అనిపించింది. ఎన్నో సంస్థల పెద్దలు తన ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూశాడు. ఈవిడ ఒక్కసారి కూడా ఉంచండి అని అడగలేదు.

తర్వాత ఆ దేశపు బృందంవాళ్ళు వేదిక ఎక్కారు. అందరూ పనిపాటల వాళ్ళే. వాళ్ళ నాయకుడు రొట్టెలు కాల్చే వృత్తివాడు. భారీ మనిషి, పెద్ద మీసాలు. చెయ్యి పైకెత్తి ఒక్కసారి దించాడు. జోలపాట మొదలైంది.

"కన్ను మూయవె కూన, గాలి కూడా పడుకుంది..." మాటలు మనవే, పలుకు కూడా ముద్దుగానే ఉంది. కానీ వాళ్ళు దాన్ని కవాతు పాట చేసేశారు! "గట్టు మీద గడ్డి కూడా తలవాల్చింది" అన్నచోట అందరూ ఒకేసారి కాలు నేలకేసి కొట్టి, చేతులు చరిచారు. వేదిక చెక్కలు అదిరాయి. ముందు వరసలో కార్యదర్శి మాత్రం తల పంకిస్తూ, ఆహా ఎంత బాగుందో అన్నట్టు మొహం పెట్టాడు. మర్యాద ఎంత పని చేస్తుందో ఆ క్షణంలో కత్తెరగారికి తెలిసింది. ఇంకాసేపట్లో పాట అయిపోతుంది. అందరూ నాలుగు వేళ్ళతో చప్పట్లు కొడతారు. దండలు వేసుకుంటారు. తను వెళ్ళి "ఏమీ జరగలేదు" అని రాస్తాడు. అది నిజమే అవుతుంది కూడా.

రెండో చరణంలో వాళ్ళు మళ్ళీ కాలు కొట్టారు. ఒళ్ళో పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది.

"అయ్యయ్యో!" అంటూ కత్తెరగారి భార్య లేచి నిలబడింది. "ఏం పాటమ్మా ఇది! జోలపాట పాడి పిల్లను లేపినవాళ్ళను నా జన్మలో చూడలేదు!"

పాట ఆగిపోయింది. కత్తెరగారు కుర్చీలోకి కుంచించుకుపోయాడు. "కూర్చోవే, పరువు పోతోంది" అని కొంగు లాగాడు.

"పరువు సంగతి తర్వాత, పిల్ల ఏడుస్తుంటే వినబడ్డం లేదూ?"

రొట్టెలాయన తన భాష తెలిసిన మేనత్తను ఏదో అడిగాడు. ఆవిడ ఏం అంటోంది అని కాబోలు. ఇలాంటప్పుడు ఎవరైనా "మీ పాట అద్భుతంగా ఉందంటోంది" అని సర్దేస్తారు. మేనత్త ఉన్నదున్నట్టు చెప్పేసింది. "జోలపాట పాడి పిల్లను లేపినవాళ్ళను జన్మలో చూడలేదంటోంది."

రొట్టెలాయన మీసం కింద నోరు తెరుచుకుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వాళ్ళవాళ్ళ వైపు తిరిగి ఏదో అరిచాడు. "జోలపాటట! మనం దీన్ని పొద్దున్నే లేపే పాట అనుకున్నాం!" అని మేనత్త అటు నుంచి ఇటు చెప్పింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

ఆయన మెట్లు దిగి, వరసల మధ్యగా వచ్చి, ఆవిడ ముందు నిలబడి చేతులు ఊయలలా ఊపి చూపించాడు. ఎలాగో చెప్పమ్మా అన్నట్టు. ఆవిడ పిల్లను భుజాన వేసుకుని, వీపు మీద అరచేత్తో మెల్లగా తట్టుతూ పాడింది. గొప్ప గొంతేం కాదు. పిల్లలను నిద్రపుచ్చీ పుచ్చీ అరిగిపోయిన గొంతు. "అలా కాదు బాబూ, తట్టుడు ముందు, మాట తర్వాత. మాట తరుముకు రాకూడదు. నీకు పిల్లలు లేరూ?" అని మధ్యలో కోప్పడింది కూడా. మేనత్త అదీ చెప్పింది. ఆయన తలొంచుకుని వేళ్ళు చూపించాడు, ఇంతమంది అని. మళ్ళీ నవ్వులు.

వేదిక మీద ఆ భారీ మనుషులంతా లేని పిల్లల్ని భుజాన వేసుకుని తట్టుతూ పాట ఎత్తుకున్నారు. వెనక వరసల ఆడవాళ్ళు అక్కడక్కడ గొంతు కలిపారు. మనవరాలు మాత్రం నిద్రపోలేదు. ఏడుపు మాని, దగ్గరికొచ్చిన ఆ మీసాల వంకే కళ్ళప్పగించి చూసింది.

ఇక మనవాళ్ళ వంతు వచ్చింది. రొట్టెలాయన డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి అన్న మాట మేనత్త చెప్పింది. "మీరు పాడిన పాట వింటే నాకు ఏడుపొచ్చింది. కానీ అలా పాడితే బండి వెనక్కి జారి మన కాళ్ళ మీద పడుతుందయ్యా." ఆయన ఉపన్యాసాల బల్లను పట్టుకుని, నర్సమ్మనూ డ్రైవరునూ దాని మీద చేతులు వేయమని, వేదిక ఈ చివర నుంచి ఆ చివరికి తోయించాడు. తోపుకి ఒక మాట, తోపుకి ఒక మాట. కార్యదర్శి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

అప్పుడు లేచాడు రాయబారి. అందరూ వెళ్ళిపోతాడేమో అనుకున్నారు. ఆయన వేదిక దగ్గరికి వెళ్ళి రొట్టెలాయనతో గట్టిగా మాట్లాడ్డం మొదలుపెట్టాడు. రొట్టెలాయన ఈయనతో అంతకంటే గట్టిగా. కార్యదర్శి మొహం పాలిపోయింది. మేనత్త నవ్వుతూ చెప్పింది. "కంగారేం లేదు. రాయబారిగారి ఊళ్ళో రెండో చరణం తర్వాత ఆగి ఊపిరి తీసుకుంటారట. రొట్టెలాయనేమో అలా ఆగితే బండి ఏమవుతుంది అంటున్నాడు. మా కొండ వేరు, మీ కొండ వేరు అని వాదులాడుకుంటున్నారు." చివరికి ఒకసారి ఆగి, ఒకసారి ఆగకుండా, రెండు రకాలుగానూ బల్ల తోశారు. రెండోసారికి రాయబారి కోటు విప్పి తనూ చెయ్యి వేశాడు. పరాయి దేశం అంటే ఒకే మనిషి అనుకుంటాం గానీ, అక్కడా రెండు కొండలున్నాయి అనుకున్నాడు కత్తెరగారు.

ఇంటికెళ్ళేటప్పుడు భార్య, "నా వల్ల మీ ఉద్యోగానికేం కాదు కదండీ?" అంది. పాపం, అప్పుడు భయం పట్టుకుంది ఆవిడకు.

"ఏమయితే అయింది. నువ్వు లేవకపోతే ఆవిడ పని అయిపోయేది" అన్నాడాయన. ఆ మాట అన్నాక గానీ, కేంద్రం నిలబడాలని తను కోరుకుంటున్నట్టు ఆయనకే తెలియలేదు.

మర్నాడు పేపర్లో రేవు సుంకాల పేచీ అలాగే ఉంది. పాటల ముచ్చట లోపలి పేజీలో ఒక మూల పడింది. ఆయన రెండూ చదివాడు. దీపం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. రోజూ అడిగే రెండింట్లో ఏది ముందు అడగాలో తేలలేదు.

సమీక్ష రోజున కార్యదర్శి, ఖజానా అధికారిణి, కత్తెరగారు ముగ్గురే కూర్చున్నారు. ఖజానా అధికారిణి తలకాయ గల మనిషి, మొహమాటం లేని మనిషి.

"ఒక్క మాటలో చెప్పండి. లాభం ఏమిటి?" అందావిడ.

"లాభం ఇదీ అని నేను చూపించలేనమ్మా. పేచీ తెగలేదు. కానీ అంతకుముందు ఆ హాల్లో పెదవులతో నవ్విన మనుషులు, ఆ తర్వాత నోరారా పోట్లాడుకున్నారు. చుట్టాలే అలా పోట్లాడుకుంటారు. నేను చూసింది చెప్తున్నా. నిబంధనలో ఉన్నది మన గొప్ప చాటమని. ఆవిడ చేస్తున్నది అది కాదు. తప్పు పట్టాలంటే పట్టొచ్చు. నేనైతే నిబంధన మార్చమంటాను."

"వాళ్ళు రేపు మన పాట నేర్చుకోవడం మానేస్తే? మనం మాత్రం నేర్చుకుంటూనే ఉంటామా?"

"మన ఇంటికొచ్చిన వాళ్ళు తిరిగి మనల్ని పిలవలేదని మంచినీళ్ళివ్వడం మానేస్తామా?"

"ఇల్లు వేరు, ఖజానా వేరు. ఇంట్లో నీళ్ళు మీవి. ఇక్కడ నీళ్ళు ఊరందరివీ. ఆసుపత్రిలో పడుకున్నవాడివి కూడా."

"అది నిజమే" అన్నాడు కత్తెరగారు. "అందుకే కేంద్రానికి మనుషుల్ని తెచ్చే వ్యానూ, విందుల ఖర్చూ తీసేసి ఆసుపత్రికే ఇమ్మంటున్నా. పాట ఉంచమంటున్నా. అది కూడా తీసేయాలంటే నా చెయ్యి ఆడ్డం లేదు" అన్నాడు.

కార్యదర్శి ఆయన వంక వింతగా చూశాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి నోట ఉంచమన్న మాట వినడం అదే మొదలు. "ఒక సంవత్సరం ఉంచుదాం. నిబంధన మారుద్దాం. వచ్చే ఏడు మళ్ళీ మీరే వెళ్ళి చూడండి" అని సంతకం పెట్టేశాడు. ఖజానా అధికారిణి తల అడ్డంగా ఊపింది గానీ, తనూ పెట్టింది.

సాయంత్రం ఆయన పోస్టాఫీసు మెట్లెక్కి మేనత్తకు సంగతి చెప్పాడు. వ్యాను పోయినందుకు ఆవిడ కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది. ఊరవతల నుంచి వచ్చే ముసలివాళ్ళు ఇద్దరున్నారట బృందంలో. "బస్సు డ్రైవరు మనవాడే కదా, చూసుకుంటాడు" అంది చివరికి. చేతులు జోడించలేదు. టీ పోసి ఇచ్చింది.

"అమ్మా, ఒక మాట అడుగుతా. వాళ్ళు మానేస్తే మీరేం చేస్తారు?"

"నేర్చుకుంటూనే ఉంటాం అన్నయ్యగారూ. ముందుగా మానేసింది మనమే అన్న పేరు మనకెందుకు?"

అది సరైన జవాబో కాదో ఆయనకు తేలలేదు. ఖజానా అధికారిణి ఒప్పుకోదు. దేవుడు ఒప్పుకుంటాడేమో, ఆయనకు ఖజానా లేదు కదా. మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డాడు. పైన ఇంకేదో దేశపు పాట మొదలైంది. కాగితం చూసి, తడబడుతూ, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటున్నారు. ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చి ఎదురుగా ఆగి, కాసేపు చూసి, వెళ్ళిపోయింది. పాట అయ్యాక వచ్చేది ఎక్కుదాంలే అనుకుని, ఆయన కిటికీ కింద అలాగే నిలబడ్డాడు.